వెంట్రుకవాసి తేడాలు తేల్చిన పుస్తకం

వరంగల్‌లో ఇంగ్లిష్ గ్రామర్ అనగానే ఇప్పటికీ ఎక్కువమంది నోట వచ్చే పేరు రెన్ అండ్ మార్టిన్. బ్యాంకు పరీక్షలకు కూర్చునే పిల్లలకూ, గ్రూప్స్‌కు తయారయ్యేవాళ్లకూ, డీఎస్సీ రాసేవాళ్లకూ, పిల్లల్ని ఇంగ్లిష్ మీడియంలో వేసి సాయంత్రం హోంవర్కు దగ్గర కూర్చోవాల్సి వచ్చిన తల్లిదండ్రులకూ అదే దిక్కు. పుస్తకం అసలు పేరు ‘హైస్కూల్ ఇంగ్లిష్ గ్రామర్ అండ్ కాంపొజిషన్’. ఆ పేరుతో అడిగేవాళ్లు అరుదు. రాసినవాళ్ల పేర్లే పుస్తకం పేరైపోయాయి. అమరకోశానికీ అదే జరిగింది. అమరసింహుడు తన పుస్తకానికి పెట్టుకున్న పేరు నామలింగానుశాసనం అని ఇవాళ ఎందరికి గుర్తు?

1930ల మధ్యలో వచ్చిన పాఠ్యపుస్తకం ఇది. తొంభై ఏళ్లు కావస్తోంది. ఇన్నాళ్లు నిలవడానికి అలవాటు కొంత కారణం కావచ్చు, మాస్టార్ల సిఫార్సు కొంత కారణం కావచ్చు. నన్నడిగితే అసలు కారణం పనితనం. నియమాలు ఏ గైడులోనైనా దొరుకుతాయి. ఏ మాటను చూసి ఏ మాట అనుకుంటామో ముందే పసిగట్టి, ఆ రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి, ఒక్క తేడా తప్ప మిగతాదంతా సమానం చేసి చూపించడం మాత్రం అందరికీ చేతకాదు. ఈ పుస్తకంలో ఆ పని ఎంత జాగ్రత్తగా జరిగిందో, తెలుగు తలకు అది ఎక్కడ సులువుగా ఎక్కుతుందో, ఎక్కడ ఎక్కదో చూడాలని ఈ నాలుగు మాటలు.

ముందు రాసినవాళ్ల సంగతి. పెర్సివల్ క్రిస్టఫర్ రెన్ 1875లో లండన్‌లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, ఇండియన్ ఎడ్యుకేషనల్ సర్వీస్‌లో చేరి, కరాచీలోనూ బొంబాయి ప్రెసిడెన్సీలోనూ ఏళ్ల తరబడి చదువుల శాఖలో పనిచేశాడు. ఇంగ్లండ్, అమెరికాల్లో ఆయన పేరు మోగింది గ్రామర్‌తో కాదు, ‘బో జెస్ట్’ అనే నవలతో. ఫ్రెంచ్ ఫారిన్ లీజియన్ సైనికుల సాహసగాథ అది. 1924లో వచ్చింది, 1926లోనూ 1939లోనూ హాలీవుడ్ దాన్ని సినిమాగా తీసింది. రెన్ 1941లో చనిపోయాడు. రెండో రచయిత హెచ్. మార్టిన్. ఇప్పుడు మనకు దొరికే ఎస్. చంద్ ప్రచురణ టైటిల్ పేజీ మీద ఈ ఇద్దరి తర్వాత ఇంకో పేరుంది: పుస్తకాన్ని సవరించిన ఎన్.డి.వి. ప్రసాదరావు. అచ్చమైన తెలుగు పేరు. ఈ పుస్తకం చదివిన తరాలకు తరాలు ఆ పేజీ తిప్పేసి నేరుగా నామవాచకాలకు వెళ్లిపోయాయి. ఆ పేరు దగ్గర కాస్త ఆగాలి. ఆ సంగతి చివర్లో చెప్తాను.

పుస్తకం పాఠం మొదలుపెట్టే తీరు గమనించండి. చాలాచోట్ల నిర్వచనం ముందు రాదు. ముందు రెండు మూడు వాక్యాలు వస్తాయి. వాటిని చదవమంటుంది. మొదటి వాక్యంలో ఈ మాట ఏం చేస్తోంది, రెండో వాక్యంలో ఏం చేస్తోంది అని చూపిస్తుంది. ఆ తర్వాతే సూత్రం. దాని వెనకే పొడవాటి అభ్యాసం. సూత్రం చేతికి వచ్చేసరికి విద్యార్థి దాన్ని సగం తానే కనిపెట్టి ఉంటాడు. సూత్రం బట్టీ పట్టించి ఉదాహరణ మొక్కుబడిగా చెప్పే మన గైడు పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు. ఈ పుస్తకాన్ని గైడులాగా వాడేవాళ్లు, అంటే నలుపు అక్షరాల్లోని సూత్రాలకు మాత్రమే గీతలు కొట్టుకునేవాళ్లు, అందులోని మేలైన పనిని వదిలేస్తున్నట్టే.

ఇక విశేషణాల అధ్యాయం. ఫ్యూ, ఎ ఫ్యూ, ద ఫ్యూ అని మూడు రూపాలు ఒకే చోట ఉంటాయి. నా మటుకు పుస్తకం మొత్తంలో మిన్న ఇదే. ఉదాహరణ నా సొంతది చెప్తాను. కాకతీయ యూనివర్సిటీ సెమినార్ హాల్లో ఒక ఉపన్యాసం పెట్టారు. పన్నెండు మంది వచ్చారు. నిర్వాహకుడు నిరాశపడి ‘ఫ్యూ స్టూడెంట్స్ కేమ్’ అంటాడు. వక్త మర్యాదస్తుడు, ‘ఎ ఫ్యూ స్టూడెంట్స్ కేమ్’ అంటాడు. మర్నాడు పత్రికలో వార్త రాసే విలేకరి, వచ్చిన ఆ కొద్దిమందీ చివరిదాకా కూర్చున్నారని చెప్పడానికి ‘ద ఫ్యూ స్టూడెంట్స్ హూ కేమ్ స్టేడ్ టిల్ ది ఎండ్’ అని రాస్తాడు. మూడు వాక్యాల్లోనూ ఉన్నది ఆ పన్నెండు మందే. లెక్క మారలేదు, లెక్కపెట్టినవాడి మనసు మారింది. మొదటిదానిలో లేమి, రెండోదానిలో ఉనికి, మూడోదానిలో ఉన్నంతా అనే భావం. ఇంతటి తేడాను ‘ఎ’ అనే ఒక్క అక్షరం మోస్తోంది.

తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి మనకు ఇది అందదని చాలామంది మాస్టార్లు అనుకుంటారు. నేను ఒప్పుకోను. తెలుగు ఈ పనిని అచ్చంగా ఇంతే పొదుపుగా చేస్తుంది, కాకపోతే మాటకు ముందు కాదు, మాట చివర. ‘కొద్దిమందే వచ్చారు’ అంటే నిరాశ. ‘కొద్దిమంది వచ్చారు’ అంటే ఉన్న మాట. ‘వచ్చిన కొద్దిమందీ కూర్చున్నారు’ అంటే ఆ ఉన్నంతా. ఏకారం ఒకచోట, దీర్ఘం ఒకచోట, ఏమీ లేకపోవడం ఒకచోట. ఇంగ్లిష్‌లో ‘ఎ’ లేని చోట మనకు ఏకారం వస్తుంది; ‘ఎ’ ఉన్న చోట మనకు ఏమీ రాదు. ఈ తిరగేసిన పోలికను ఒక్కసారి బోర్డు మీద రాసి చూపిస్తే ఏడో తరగతి పిల్లలు కూడా ఇక తప్పు చెయ్యరు. లిటిల్, ఎ లిటిల్, ద లిటిల్ కూడా ఇదే లెక్క. ఎండాకాలం బోరులో నీళ్ల గురించి మాట్లాడుకుంటే చాలు, ‘కొంచెమే ఉన్నాయి’, ‘కొంచెం ఉన్నాయి’, ‘ఉన్న కొంచెమూ అయిపోయాయి’ అని మూడూ మన నోట వచ్చేస్తాయి.

విభక్తి ప్రత్యయాల దగ్గర మాత్రం తెలుగు మనకు అడ్డం పడుతుంది. సిన్స్, ఫ్రమ్, ఫర్ అనే మూడింటికీ తెలుగులో ‘నుంచి’ ఒక్కటే సరిపోతుంది. ‘2020 నుంచి ఇక్కడున్నా’, ‘రేపటి నుంచి వస్తా’, ‘ఐదేళ్ల నుంచి ఇక్కడున్నా’. మొదటిది కాలంలో ఒక బిందువు, అక్కడ మొదలై ఇప్పటిదాకా సాగింది, అది సిన్స్. రెండోది కూడా బిందువే, కానీ ఇప్పటిదాకా సాగిన కథ కాదు; అది ఫ్రమ్. మూడోది అసలు బిందువే కాదు, ఒక నిడివి, అది ఫర్. హనుమకొండ వేయిస్తంభాల గుడిని ఉదాహరణగా తీసుకుంటే ఇది కళ్లకు కట్టినట్టుంటుంది. రుద్రదేవుడు దాన్ని 1163లో కట్టించాడు. ‘ద టెంపుల్ హాజ్ స్టుడ్ హియర్ సిన్స్ 1163’ అనాలి, ‘ద టెంపుల్ హాజ్ స్టుడ్ హియర్ ఫర్ మోర్ దాన్ ఎయిట్ సెంచరీస్’ అనాలి. కట్టిన సంగతి మాత్రమే చెప్పాలంటే ‘ఇట్ వాజ్ బిల్ట్ ఇన్ 1163’. కట్టడం అయిపోయిన పని, నిలబడి ఉండడం అయిపోని పని. క్రియ ఆ తేడాను పట్టి చూపిస్తుంది.

మనవాళ్ల నోట మామూలుగా వినబడే వాక్యం ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’. ఇందులో రెండు తప్పులున్నాయి. రెండూ తెలుగు నుంచే వచ్చాయి. ‘పదేళ్ల నుంచి’లోని నుంచి సిన్స్‌ను లాక్కొచ్చింది. ‘ఉంటున్నా’లోని టున్న యామ్ లివింగ్‌ను లాక్కొచ్చింది. అంటే ఆ మనిషి తెలివితక్కువగా మాట్లాడలేదు. తెలుగులో నిర్దుష్టమైన వాక్యాన్ని ముక్కకు ముక్క ఇంగ్లిష్‌లో పెట్టాడు. రెన్ అండ్ మార్టిన్ ఈ రెండు తప్పుల్నీ ఒకేసారి పట్టుకుంటుంది, ఎందుకంటే సిన్స్ గురించి చెప్పేటప్పుడు దాని ముందు పర్ఫెక్ట్ టెన్స్ క్రియ ఉండాలన్న షరతు కూడా జతచేస్తుంది. ఒక మాటను దాని తోడు లేకుండా ఒంటరిగా నేర్పకపోవడం ఈ పుస్తకానికి ఉన్న మంచి గుణం.

వరంగల్ వరకు చూస్తే ఈ గొడవ ఇంకా పాతది, ఇంకా లోతైనది. నిజాం కాలంలో ఇక్కడ పైచదువులు ఉర్దూలో సాగేవి. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ బోధన కూడా ఉర్దూలోనే, ఇంగ్లిష్ ఒక తప్పనిసరి సబ్జెక్టుగా ఉండేది. ఆ తరం వరంగల్ విద్యార్థి ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఉర్దూ చదివి, ఉర్దూ గుండా ఇంగ్లిష్ నేర్చుకునేవాడు. ఉర్దూలో ‘సే’ అనే చిన్న మాట ఉంది. ‘దో సాల్ సే’ అంటే రెండేళ్లుగా, ‘కల్ సే’ అంటే రేపటి నుంచి, ‘చాకూ సే’ అంటే కత్తితో. మన నుంచి మూడు ఇంగ్లిష్ మాటల బరువు మోస్తే, ఆ ‘సే’ ఐదింటి బరువు మోస్తుంది: సిన్స్, ఫ్రమ్, ఫర్, విత్, బై. ఆ దారిలో నడిచి ఇంగ్లిష్ మీద అధికారం సంపాదించినవాళ్లు ఈ నేలమీద తక్కువేం కాదు. మడికొండ కాళోజీ నారాయణరావు, బ్రెయిల్స్‌ఫర్డ్ రాసిన ‘రెబెల్ ఇండియా’ను ‘నా భారతదేశ యాత్ర’గా తెలుగు చేశారు. నర్సంపేట ప్రాంతపు లక్నేపల్లిలో పుట్టి హనుమకొండలో చదువుకున్న పి.వి. నరసింహారావు ‘వేయిపడగలు’ను హిందీలోకి తెచ్చారు, చివరిదాకా ఇంగ్లిష్‌లో రాస్తూనే ఉన్నారు. మూడు నాలుగు భాషల విభక్తులు ఒకదాని మీద ఒకటి పడే చోట నిలబడి, ఒక్కోదాన్ని దాని తావులో ఉంచగలిగిన మనుషులు వాళ్లు.

విత్, బై జంట కూడా పుస్తకంలో ఉంది. పని చేసిన మనిషికి బై, వాడిన పనిముట్టుకు విత్. ‘ద స్నేక్ వాజ్ కిల్డ్ బై ద ఫార్మర్ విత్ ఎ స్టిక్’. ఇక్కడ తెలుగు మళ్లీ మనవైపే ఉంది. తృతీయా విభక్తి ప్రత్యయాలు చేత, చే, తోడ, తో అని చిన్నప్పుడు అందరం అప్పజెప్పాం. చేత వేరు, తో వేరు. రైతు చేత, కర్రతో. వాడుకలో కర్మణి వాక్యాలు మనం వాడం కాబట్టి చేత మూలన పడింది, తో ఒక్కటే మిగిలింది. దాన్ని తిరిగి బయటికి తీస్తే బై, విత్‌ల గొడవ తీరిపోతుంది. అలాగే ఇన్, వితిన్. వారం గడిచాక అయిపోయేది ‘ఇన్ ఎ వీక్’, వారం నిండకముందే అయిపోయేది ‘వితిన్ ఎ వీక్’. ‘వారంలో’, ‘వారంలోపు’ అని మనకు సిద్ధంగా ఉంది. దర్జీ ‘వారంలో ఇస్తా’ అంటే మనం ‘వారంలోపు కావాలి’ అని బేరమాడతాం. అంత స్పష్టంగా తెలిసిన తేడాను ఇంగ్లిష్ క్లాసులో పోగొట్టుకుంటున్నాం.

ఇన్, యాట్ దగ్గర మాత్రం పుస్తకం నాకు రుచించదు. పెద్ద ఊళ్లకు, దేశాలకు ఇన్. చిన్న ఊళ్లకు, పల్లెలకు యాట్ అని పాత లెక్క చెబుతుంది. ఊరి సైజును బట్టి తేలే విషయం కాదిది. మాట్లాడేవాడు ఆ చోటును ఒక చుక్కగా చూస్తున్నాడా, తాను లోపలుండే వైశాల్యంగా చూస్తున్నాడా అన్నది అసలు సంగతి. కాజీపేటలో ఇల్లున్నవాడికి కాజీపేట ఒక ఊరు. ‘ఐ లివ్ ఇన్ కాజీపేట’ అంటాడు. రైల్లో ఢిల్లీ పోయేవాడికి అదొక స్టేషన్. ‘ద ట్రెయిన్ స్టాప్స్ యాట్ కాజీపేట’ అంటాడు. ఊరు అదే. సూత్రం చెప్పేటప్పుడు పుస్తకం ఇంత దూరం ఆలోచించలేదు. పరీక్షలో మార్కు కోసం పాత సూత్రం చాలు గానీ, మాట్లాడేవాడికి చాలదు.

క్రియల అధ్యాయంలో ఉన్న ఒక చిన్న భాగం మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం. లై, లే, రైజ్, రెయిజ్, సిట్, సెట్, ఫాల్, ఫెల్. వీటిని విడివిడిగా స్పెల్లింగులుగా బట్టీ పట్టినవాడు జీవితాంతం తడబడతాడు. పుస్తకం వీటిని ఒకే వరసలో పెట్టి, జంటలో మొదటిది తనంతట జరిగే పని, రెండోది ఇంకొకటి జరిగేలా చేసే పని అని చూపిస్తుంది. తెలుగువాడికి ఇంతకంటే సులువైన పాఠం ఉండదు. లేచు, లేపు. పడు, పడగొట్టు. కూర్చొను, కూర్చోబెట్టు. పడుకొను, పడుకోబెట్టు. రోజంతా మన నోట నలిగే జంటలే ఇవి. మన వ్యాకరణాల్లో దీనికి ప్రేరణం అని పేరు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ప్రేరణ క్రియలకు సూత్రాలున్నాయి. ఇంగ్లిష్‌లో ఈ పద్ధతి ఒకప్పుడు బతికి ఉండి, ఇప్పుడు నాలుగైదు జంటల్లో మాత్రమే మిగిలింది. తెలుగులో అది ఇంకా పచ్చగా ఉంది. అందుకే ఈ పాఠంలో తెలుగు పిల్లవాడు ఇంగ్లిష్ పిల్లవాడికంటే ఒక మెట్టు పైన మొదలవుతాడు. లండన్‌లో పుట్టి పెరిగినవాళ్లు కూడా లై, లే దగ్గర తప్పులు చేస్తుంటారు.

చిక్కు ఎక్కడంటే, లై అనే క్రియకు భూతకాలం కూడా లే అనే ఉంటుంది. పడుకోవడానికి లై, లే, లెయిన్. పెట్టడానికి లే, లెయిడ్, లెయిడ్. ‘హి లే ఆన్ ద కాట్’ అంటే నిన్న మంచం మీద పడుకున్నాడు. ‘లే ద బుక్ ఆన్ ద టేబుల్’ అంటే ఇప్పుడు పుస్తకం బల్లమీద పెట్టు. రెండు చోట్లా లే ఒకేలా ఉన్నా అది ఒక మాట కాదు. దీనికి అడ్డదారి లేదు, మూడేసి రూపాల్ని కలిపి నోటికి తెచ్చుకోవాల్సిందే. పుస్తకం అందుకే క్రియారూపాల పట్టికలు పేజీలకు పేజీలు ఇచ్చింది. పిల్లలు విసుక్కునే ఆ పట్టికలు పుస్తకంలో అత్యవసరమైన భాగం.

ఎల్డర్, ఓల్డర్ సంగతి మన ఇళ్లలో రోజూ వినబడేదే. ‘షి ఈజ్ ఎల్డర్ దాన్ మి’ అని చదువుకున్నవాళ్లు కూడా అంటారు. ఎల్డర్ వరసను చెప్పే మాట, వయసును పోల్చే మాట కాదు. ఒకే కుటుంబంలోవాళ్ల గురించి, నామవాచకం ముందు వస్తుంది, దాని వెనక దాన్ రాదు. ‘మై ఎల్డర్ సిస్టర్’ సరైనది, పోల్చాలంటే ‘షి ఈజ్ ఓల్డర్ దాన్ మి’. మనకు అక్క అనే మాటలోనే పెద్దరికం ఉంది. ‘అక్క నాకంటే పెద్దది’ అన్నప్పుడు అక్క వరస, పెద్దది పోలిక. ఇంగ్లిష్‌లో అక్కకు ప్రత్యేకమైన మాట లేదు కాబట్టే ఎల్డర్ అవసరమైంది. ఈ కారణం పుస్తకంలో ఉండదు, తెలుగు మాస్టారు చెప్పాలి.

తప్పులన్నీ తెలుగు మీదికి నెట్టడం కూడా న్యాయం కాదు. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అనేది మన ఊళ్లో ఎంత మామూలో చెప్పక్కర్లేదు. ఫ్రెండ్స్ అని బహువచనం ఉండాలి. తెలుగులో ‘నా స్నేహితుల్లో ఒకడు’ అంటాం, బహువచనం స్పష్టంగా ఉంది. ‘నా స్నేహితుడిలో ఒకడు’ అని ఎవరూ అనరు. అంటే ఈ తప్పు తెలుగు నేర్పింది కాదు, వన్ అని వినగానే ఏకవచనం వైపు జారిపోయే తొందర నేర్పింది. పుస్తకంలో ‘కరెక్ట్ యూసేజ్’ అనే భాగం ఇలాంటివాటి కోసమే ఉంది. కర్తకు క్రియకు పొత్తు, సర్వనామాలు, విశేషణాలు, క్రియావిశేషణాలు, సముచ్చయాలు, పదాల క్రమం అని వరసగా అధ్యాయాలు పెట్టి, ఎక్కడ కాలు జారుతుందో అక్కడ ఆపి చూపిస్తుంది.

షల్, విల్ గురించి చెప్పకపోతే ఈ పరిచయం కుంటుబడుతుంది. ఐ, వి పక్కన షల్, మిగతావాటి పక్కన విల్ అయితే మామూలు భవిష్యత్తు. తారుమారు చేస్తే పట్టుదలో, ఆజ్ఞో, వాగ్దానమో అని పాత సూత్రం. ఫౌలర్ సోదరులు 1906 నాటి ‘ద కింగ్స్ ఇంగ్లిష్’లో దీనికోసం పేజీలకు పేజీలు ఖర్చుపెట్టారు. అప్పట్లో అది చదువుకున్న ఇంగ్లిష్‌వాడికి గుర్తు. ఇప్పుడు ప్రపంచమంతా విల్ అనే అంటోంది, షల్ ‘షల్ వి గో’ లాంటి ప్రశ్నల్లోనూ చట్టాల భాషలోనూ మిగిలింది. ఇప్పటి కూర్పు ఈ మార్పును దాచలేదు, పాత సూత్రం చెబుతూనే వాడుక విల్ వైపు మొగ్గుతోందని ఒప్పుకుంటుంది. నాకు ఈ నిజాయితీ నచ్చింది. వ్యాకరణం రాసేవాళ్లకు వాడుక ముందు తలవంచడం అంత తేలిక కాదు. మన దగ్గర గ్రాంథిక, వ్యావహారిక వాదాలు ఎన్నేళ్లు సాగాయో తెలిసిందే.

తర్వాత వచ్చిన పుస్తకాలు కొన్ని పనుల్లో దీన్ని దాటాయి. మైకెల్ స్వాన్ ‘ప్రాక్టికల్ ఇంగ్లిష్ యూసేజ్’ 1980లో వచ్చింది, సందేహం వచ్చిన మాటను అకారాది క్రమంలో వెతుక్కోవచ్చు. రేమండ్ మర్ఫీ ‘ఇంగ్లిష్ గ్రామర్ ఇన్ యూజ్’ 1985లో వచ్చింది, ఎడమ పేజీలో పాఠం, కుడి పేజీలో అభ్యాసం. చూడముచ్చటైన ఏర్పాటు. కానీ మర్ఫీ పుస్తకంలో వాక్యం అంతర్నిర్మాణం కనబడదు. ఏది ప్రధాన వాక్యం, ఏది ఉపవాక్యం, అది దేన్ని పట్టుకుని వేలాడుతోంది అనే విడమర్చడం రెన్ అండ్ మార్టిన్‌లోనే పూర్తిగా ఉంది. ఆసత్తి, ఆకాంక్ష, యోగ్యత అంటూ వాక్యాన్ని విప్పి చూడడానికి అలవాటుపడ్డ సంప్రదాయం మనది. అందుకేనేమో ఆ భాగం మన మాస్టార్లకు అంత నచ్చింది.

2022–23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఇంతకుముందు కాలేజీలోనో పోటీ పరీక్షల వేళనో ఎదురయ్యే ఈ జంటలు ఇప్పుడు ఐదో తరగతి పిల్లవాడికే ఎదురవుతున్నాయి. రెన్ అండ్ మార్టిన్ ఆ వయసు పిల్లల చేతికి ఇవ్వాల్సిన పుస్తకం కాదు. గుర్రాలు, గొర్రెల కాపరులు, రాజులు నిండిన దాని ఉదాహరణలు హసన్‌పర్తి పిల్లవాడికి ఏమీ చెప్పవు. ఆ పుస్తకం ఉండాల్సింది టీచరు బల్లమీద. పద్ధతి అందులోంచి తీసుకోవాలి, ఉదాహరణలు మన వీధిలోంచి, మన చెరువు గట్టు మీదనుంచి తేవాలి. టీచరుకు తెలుగు వ్యాకరణం కూడా అంతే గట్టిగా వచ్చి ఉండాలి. ఏకారానికీ ‘ఎ’కూ ఉన్న సంబంధం తెలుగు తెలియనివాడికి కనబడదు.

ఇక ప్రసాదరావు గారి సంగతి. ఆయన సవరించిన కూర్పులో ‘స్ట్రక్చర్స్’ అని ఒక భాగముంది. అందులో క్రియల నమూనాలు ఉంటాయి: ఏ క్రియ వెనక ఏ వరసలో మాటలు రావాలో చూపే అచ్చులు. ఎ.ఎస్. హార్న్‌బీ జపాన్‌లో పాఠాలు చెబుతూ తీర్చిదిద్దిన పద్ధతి ఇది. ఇంగ్లిష్ తల్లిభాష కానివాళ్ల అవసరం చూసి పుట్టింది. హార్న్‌బీ నిఘంటువులోనూ, 1954 నాటి ఆయన ‘ఎ గైడ్ టు ప్యాటర్న్స్ అండ్ యూసేజ్ ఇన్ ఇంగ్లిష్’లోనూ విస్తారంగా ఉంది. పాత గ్రామర్ ఒక మాటను దాని పక్క మాటతో పోల్చి తేడా చెబితే, ఈ భాగం ఒక మాట వాక్యంలో తన చుట్టూ ఎంత చోటు అడుగుతుందో చెబుతుంది. రెండూ ఒకే అట్టల మధ్య ఉండడం వల్ల పుస్తకం నిండుదనం పెరిగింది.

ఉదాహరణకు టెల్, ఎక్స్‌ప్లెయిన్. ‘నాకు చెప్పు’, ‘నాకు వివరించు’ అని తెలుగులో రెండూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అందుకే ‘టెల్ మి ద ఆన్సర్’ అన్న నోటితోనే ‘ఎక్స్‌ప్లెయిన్ మి ద ఆన్సర్’ అనేస్తాం. టెల్ వెనక మనిషి నేరుగా రావచ్చు. ఎక్స్‌ప్లెయిన్ వెనక ముందు విషయం రావాలి, తర్వాత ‘టు’ పట్టుకుని మనిషి రావాలి: ‘ఎక్స్‌ప్లెయిన్ ద ఆన్సర్ టు మి’. సే, సజెస్ట్, డిస్క్రైబ్ కూడా ఎక్స్‌ప్లెయిన్ జాతివే. గివ్, షో, సెండ్ టెల్ జాతివి. అర్థాలు ఎంత చూసినా ఈ తేడా తెలియదు, ఎందుకంటే తేడా అర్థంలో లేదు, అచ్చులో ఉంది. ఈ నమూనాలు పుస్తకంలో చాలా దూరం వెళ్లాక వస్తాయి. కోచింగ్ సెంటర్ల సిలబస్ స్పాటింగ్ ఎర్రర్స్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, పుస్తకం కొన్నవాళ్లలో చాలామంది అక్కడిదాకా రారు. ఇంట్లో పాత కాపీ ఉన్నవాళ్లు ఈసారి ఆ నమూనాల దగ్గర తెరిచి, రోజుకొకటి చొప్పున, ఒక్కోదానికి నాలుగు సొంత వాక్యాలు రాసి చూడండి.